శుద్ధి చేసినా డికాషన్ రంగే: కాగితం మిల్లు నీళ్ల లెక్క

క్లుప్తంగా: కాగితం మిల్లు నుంచి వచ్చే వ్యర్థజలంలో మూడు రకాల భారం ఉంటుంది. మొదటిది సూక్ష్మజీవులు తినగలిగే సేంద్రియ పదార్థం, రెండోది అవి పెద్దగా ముట్టని, చెక్కలోంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థపు రంగు, మూడోది ఏ జీవీ తినలేని సోడియం ఉప్పు. శుద్ధి కేంద్రం మొదటిదాన్ని బాగా తీస్తుంది, రెండోదాన్ని కొంత తీస్తుంది, మూడోదాన్ని అసలు తీయదు. అందుకే నీటి పునర్వినియోగం ఎంతవరకు సాధ్యమన్నది గుజ్జు కడిగే వాషర్ల దగ్గరే చాలావరకు తేలిపోతుంది.

ఉత్తర తెలంగాణకు కాగితం మిల్లు కొత్త కాదు. సిర్పూర్ పేపర్ మిల్స్ 1938లో ఏర్పడి, 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ మిల్లు వల్లే కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. 2014 సెప్టెంబరులో మూతపడిన మిల్లు 2018 ఆగస్టులో జేకే పేపర్ ఆధ్వర్యంలో తిరిగి తెరుచుకుంది. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలోని రేయాన్ గుజ్జు కర్మాగారంలో 2014లోనే ఉత్పత్తి ఆగిపోయింది. గోదావరి వెంట ఇంకా దిగువకు పోతే సారపాక మిల్లు వస్తుంది. ఇలాంటి పరిశ్రమ ఉన్న ప్రతిచోటా చుట్టుపక్కల ఊళ్లలో వినిపించే ప్రశ్నలు మూడు. శుద్ధి చేశామంటున్నారు, మరి నీళ్లు ఇంకా గోధుమ రంగులో ఎందుకున్నాయి? తిప్పి వాడుతున్నామంటున్నారు, మరి నదిలోంచి రోజూ అన్ని నీళ్లు ఎందుకు తోడుతున్నారు? ఆ నీళ్లు పొలానికి పెట్టుకోవచ్చా? ఈ మూడింటికీ జవాబులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

చెక్కలో సగం నీళ్లలోకే

నూరు కిలోల ఎండు చెక్కను ఉడికిస్తే చేతికొచ్చే గుజ్జు 45 నుంచి 50 కిలోలు. మిగతా సగం, అంటే నారలను పట్టి ఉంచే లిగ్నిన్, కొన్ని చక్కెరలు, ఉడికించడానికి పోసిన సోడాతో కలిసి నల్లటి ద్రవంగా మారుతుంది. మిల్లులో దీన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. జామాయిల్, సుబాబుల్, వెదురు, ఏది వేసినా కథ ఇదే. రేయాన్ కోసం చేసే గుజ్జులో దిగుబడి ఇంకా తక్కువ, ఎందుకంటే అందులో చక్కెర జాతి పదార్థమైన హెమిసెల్యులోజ్‌ను కూడా తీసేయాలి. గుజ్జుగా రాని ప్రతి కిలో ద్రవంలోకే పోతుంది.

ఒక టన్ను గుజ్జుకు సుమారు 1.4 టన్నుల ఘనపదార్థం ఈ ద్రవంలో కరిగి ఉంటుంది. దాన్ని కాలువలోకి వదిలితే ఏ శుద్ధి కేంద్రమూ తట్టుకోలేదు. అందుకని వరుసగా మూడు నాలుగు వాషర్లలో గుజ్జును ఎదురు ప్రవాహంలో కడుగుతారు. శుభ్రమైన వేడినీళ్లు చివరి వాషర్‌లో మాత్రమే పడతాయి. అక్కడ కారిన నీళ్లు దాని ముందు వాషర్‌కు, అక్కడివి ఇంకా ముందుదానికి వెళ్తాయి. ఒకే నీరు నాలుగుసార్లు పని చేస్తుంది. మిల్లులో జరిగే అతి పెద్ద నీటి పునర్వినియోగం ఇదే అయినా, ఎక్కడా ఆ పేరుతో లెక్కలోకి రాదు.

వాషర్ల నుంచి వచ్చే పలచని లిక్కర్‌లో ఘనపదార్థం 15 శాతం దాకా ఉంటుంది. సోడాను వెనక్కి రాబట్టే రికవరీ బాయిలర్‌లో మండాలంటే అది 65 నుంచి 70 శాతానికి చిక్కబడాలి. అంటే టన్ను గుజ్జుకు ఏడు టన్నులకు పైగా నీటిని ఆవిరి చేయాలి. ఇక్కడే పేచీ. వాషర్ మీద నీళ్లు ఎక్కువ పోస్తే గుజ్జు శుభ్రంగా వస్తుంది, కానీ నీటిని ఆవిరి చేసే ఇవాపరేటర్ల మీద భారం, ఆవిరి ఖర్చు పెరుగుతాయి. తక్కువ పోస్తే ఆవిరి మిగులుతుంది, కానీ సోడా, లిగ్నిన్ గుజ్జుతోపాటే బ్లీచింగ్‌కు, అక్కడి నుంచి కాలువకు చేరతాయి. రోజువారీ ఉత్పత్తి లెక్క మీదే కన్నున్న మిల్లులో వాషర్ల సామర్థ్యానికి మించి గుజ్జు పంపడం మామూలు తప్పు. దాని ఫలితం వారం తిరక్కుండా శుద్ధి కేంద్రంలో కనబడుతుంది.

ఇవాపరేటర్లలో లేచిన ఆవిరి చల్లబడి కండెన్సేట్ అవుతుంది. అందులో శుభ్రమైన భాగం వాషర్లకే తిరిగి వెళ్తుంది. మెథనాల్, గంధక సమ్మేళనాలు పట్టుకున్న కుళ్లు వాసన భాగాన్ని మాత్రం ఆవిరి పట్టించి ఆ సమ్మేళనాలను విడదీశాకే (స్ట్రిప్పింగ్) వాడాలి. మిల్లు చుట్టూ వచ్చే కుళ్లిన క్యాబేజీ లాంటి వాసనకు ఈ సమ్మేళనాలే మూలం.

బాయిలర్‌లో లిగ్నిన్ కాలిపోయి ఆవిరిని, కరెంటును ఇస్తుంది. అడుగున కరిగిన సోడా ఉప్పులు మిగులుతాయి. వాటిని నీటిలో కరిగించి, సున్నంతో కలిపితే మళ్లీ ఉడికించే సోడా తయారవుతుంది. బాగా నడిచే మిల్లు వేసిన సోడాలో 95 శాతానికి పైగా ఇలా వెనక్కి తీసుకుంటుంది. వరిగడ్డి ఇంత మిగిలిపోతున్న తెలంగాణలో దాంతో కాగితం ఎందుకు చేయరన్న ప్రశ్నకు కూడా సమాధానం ఇక్కడే ఉంది. వరిగడ్డిలో సిలికా ఎక్కువ. అది లిక్కర్‌లో కరిగి, ఇవాపరేటర్ గొట్టాల్లో గాజులా పేరుకుంటుంది, సున్నాన్నీ పాడుచేస్తుంది. సోడాను వెనక్కి తీసుకోలేని మిల్లు ఆ నల్లటి నీటిని ఏం చేయాలో తెలియక చిక్కుల్లో పడుతుంది.

బ్లీచింగ్ నీళ్లది వేరే గొడవ

బ్లాక్ లిక్కర్‌ను కాల్చగలిగినప్పుడు బ్లీచింగ్ నీళ్లను ఎందుకు కాల్చకూడదు? వాటిలో క్లోరైడ్ ఉంటుంది. అది బాయిలర్‌లో పేరుకుంటే గొట్టాలు తినేస్తుంది, బూడిద జిగటగా మారి దారులు మూసేస్తుంది. కాబట్టి తెల్ల కాగితం చేసే మిల్లులో కాలువకు చేరే రంగులో, క్లోరిన్ సమ్మేళనాల్లో పెద్ద వాటా ఇక్కడి నుంచే వస్తుంది.

దీనికి మందు బ్లీచింగ్‌కు ముందే వేయాలి. ఉడికిన గుజ్జుకు ఒత్తిడిలో ఆక్సిజన్, క్షారం పట్టిస్తే మిగిలిన లిగ్నిన్‌లో 40 నుంచి 50 శాతం ఊడిపోతుంది. ఆ నీటిలో క్లోరిన్ లేదు కాబట్టి వాషర్లలోకి, అక్కడి నుంచి బాయిలర్‌కు పంపవచ్చు. తర్వాత క్లోరిన్ వాయువు బదులు క్లోరిన్ డయాక్సైడ్ వాడితే క్లోరిన్ అంటుకున్న సేంద్రియ పదార్థాలు, అంటే ఏవోఎక్స్, బాగా తగ్గుతాయి. సారపాక మిల్లు 2002లోనే ఈ దారి పట్టింది. 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తెచ్చిన చార్టర్ పెద్ద మిల్లులకు టన్ను కాగితానికి ఏవోఎక్స్ కిలోకు దించాలని గడువు పెట్టింది. వ్యర్థజలం 1992కు ముందు పెట్టిన మిల్లులైతే టన్నుకు 120, తర్వాతివైతే 100 క్యూబిక్ మీటర్ల లోపు ఉండాలంది. క్యూబిక్ మీటరంటే వెయ్యి లీటర్లు. వంద అంటే ఊళ్లలో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై, అదీ ఒక్క టన్ను కాగితానికి! ఇప్పటి మంచి మిల్లులు అందులో సగం కంటే తక్కువతో నెట్టుకొస్తున్నాయి.

మెషిన్ కింద తిరిగే తెల్లనీళ్లు

పేపర్ మెషిన్ మీదికి వచ్చే గుజ్జు నీళ్లలో నార ఒక శాతం కూడా ఉండదు. వైర్ అనే జల్లెడ జాలీ దాటేసరికి 20 శాతం, ప్రెస్ దాటేసరికి 40 నుంచి 50 శాతం, డ్రయ్యర్ల తర్వాత 94 శాతం ఎండు. కారిపోయిన నీళ్లలో సన్న నార, సుద్ద కలిసి పాలలా ఉంటాయి. ఆ తెల్లనీళ్లు చాలావరకు తిరిగి గుజ్జు పలచన చేయడానికే పోతాయి. మిగిలినవి సేవ్‌ఆల్ అనే డిస్క్ ఫిల్టర్‌కు వెళ్తాయి. మొదట వచ్చే మబ్బు నీళ్లను పల్పర్‌కు, తర్వాత తేటగా వచ్చేవాటిని షవర్లకు మళ్లిస్తారు.

పొదుపు చెడేది షవర్ల దగ్గరే. వైర్‌ను, కాగితాన్ని మోసే ఫెల్ట్ గుడ్డను కడిగే నాజిల్ రంధ్రం మిల్లీమీటరంత ఉంటుంది. తిప్పిన నీళ్లలో నార ముక్క ఉంటే నాజిల్ మూసుకుంటుంది, ఆ పట్టీలో ఫెల్ట్ మురికిపడుతుంది, కాగితంలో తడి చార వస్తుంది, షీటు తెగుతుంది. రెండుసార్లు తెగితే ఆపరేటర్ తాజానీటి వాల్వు తిప్పుతాడు. అది అలాగే తెరిచి ఉండిపోతుంది. ఆడిట్‌లో కనిపించే తాజానీటి పెరుగుదలకు ఇలాంటి వాల్వులు పెద్ద కారణం. నాజిళ్ల ముందు మంచి స్ట్రెయినర్ పెట్టడం, ప్రతి షవర్ లైన్‌కూ ఫ్లో మీటర్ పెట్టడం చౌకైన పనులు. అయినా వీటిని వదిలేసి నేరుగా నీటిని వడకట్టే మెంబ్రేన్ల మీద కోట్లు పెట్టిన చోట్ల ఆ ఖర్చుకు తగిన ఫలితం రాదు.

శుద్ధి కేంద్రంలో (ఈటీపీ) రోజూ జరిగే పని

ఉదాహరణకు రోజుకు 20,000 క్యూబిక్ మీటర్ల నీళ్లు వచ్చే శుద్ధి కేంద్రాన్ని తీసుకుందాం. జాలీల్లో చెత్త ఆగుతుంది. ప్రైమరీ క్లారిఫయర్ అనే తేర్చే తొట్టిలో మూడు నాలుగు గంటలు నిలిస్తే నార, సుద్ద చాలావరకు అడుక్కు దిగుతాయి. ఈ బురదలోని నీటిని పిండేసి, అట్ట చేసే చిన్న యూనిట్లకు ఇస్తారు. 45 డిగ్రీల పైన ఉండే నీళ్లను కూలింగ్ టవర్‌లో 38 డిగ్రీల లోపుకు దించుతారు.

తర్వాతది గాలి పట్టించే ఏరేషన్ ట్యాంకు. అసలు పని చేసేది బాక్టీరియా. చెక్క నీళ్లలో వాటికి తినడానికి కార్బన్ దండిగా ఉంటుంది కానీ నత్రజని, భాస్వరం ఉండవు. పొలానికి వేసినట్టే ఇక్కడా యూరియా, డీఏపీ వేయాలి. లెక్క ఇలా ఉంటుంది. లీటరుకు 250 మిల్లీగ్రాముల బీవోడీ (జీవులు తినగలిగే సేంద్రియ భారాన్ని, దానికి కావలసిన ఆక్సిజన్ రూపంలో చెప్పే కొలత) ఉంటే రోజుకు 5,000 కిలోల బీవోడీ. నూటికి 5 నత్రజని, 1 భాస్వరం చొప్పున 250 కిలోల నత్రజని, 50 కిలోల భాస్వరం కావాలి. 50 కిలోల డీఏపీ బస్తాలు 5, 45 కిలోల యూరియా బస్తాలు 10 వేస్తే సరిపోతుంది. తర్వాతి తేర్చే తొట్టి (సెకండరీ క్లారిఫయర్) నుంచి వెనక్కి తిప్పే బాక్టీరియా బురదలో కొంత మిగిలే ఉంటుంది కాబట్టి, బయటికి పోయే నీటిలో అమ్మోనియా, ఫాస్ఫేట్ చూస్తూ తగ్గించుకోవాలి. వేయకపోతే దారపు పోగుల్లాంటి బాక్టీరియా పెరిగి బురద దిగడం మానేస్తుంది.

దాన్ని కనిపెట్టే పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. లీటరు గాజు సిలిండర్‌లో ఏరేషన్ ట్యాంకు నీళ్లు నింపి అరగంట కదపకుండా ఉంచాలి. గోధుమ రంగు బురద 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగి, పైన తేటగా ఉంటే, బురద గాఢత లీటరుకు 3,000 మిల్లీగ్రాములైతే సూచిక, అంటే గ్రాము బురద ఆక్రమించే మిల్లీలీటర్లు, 100. ఇది మంచి ఆరోగ్యం. అదే గాఢతలో 600 దగ్గర ఆగితే సూచిక 200. అప్పుడు సెకండరీ క్లారిఫయర్ అంచు మీదుగా బురద పొర్లుతుంది. బురద దిగి, గంట తర్వాత ముద్దలు ముద్దలుగా పైకి తేలితే అడుగున గాలి అందక కుళ్లుతోందని అర్థం. పైన తెల్ల నురుగు కట్టిందంటే బురద తక్కువైందనో, సబ్బు లాంటి పదార్థం ఎక్కువ వచ్చిందనో అనుమానించాలి.

గాలి పట్టించడానికి అయ్యే కరెంటు ఈ పరిమాణానికి రోజుకు నాలుగైదు వేల యూనిట్ల దాకా ఉంటుంది. రాత్రిపూట ఏరేటర్లు ఆపాలన్న ఆశ అక్కడి నుంచే పుడుతుంది. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి. కొన్ని గంటలు సున్నాకు పడితే కోలుకోవడానికి రోజులు పడుతుంది. ఉత్తర తెలంగాణ వేసవి దీన్ని ఇంకా కష్టం చేస్తుంది. 30 డిగ్రీల నీటిలో ఆక్సిజన్ 7.5 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 40 డిగ్రీల దగ్గర 6.4 మాత్రమే. మే నెలలో కూలింగ్ టవర్ ఫ్యాన్లు చెడిపోతే బాక్టీరియాకు ఆకలి పెరుగుతుంది, గాలి తగ్గుతుంది.

అన్నిటికంటే ప్రమాదం లిక్కర్ ఒలకడం. పంపు గ్లాండ్ కారినా, ట్యాంకు పొర్లినా 15 శాతం లిక్కర్ 10 క్యూబిక్ మీటర్లు, అంటే రెండు ట్యాంకర్లు, కాలువలో పడిందనుకుందాం. దాని సీవోడీ (జీవులు తినలేనిదాన్ని కూడా కలిపి, రసాయనంతో కొలిచే సేంద్రియ భారం) సుమారు టన్నున్నర. మన ఉదాహరణలో లీటరుకు 800 మిల్లీగ్రాముల చొప్పున రోజంతా వచ్చే సీవోడీ 16 టన్నులు. రెండు గంటలకు పైగా రావాల్సిన భారం కొన్ని నిమిషాల్లో అదనంగా వచ్చి పడుతుంది. అందుకే పల్ప్ మిల్లు కాలువల్లో కరిగిన ఉప్పును పసిగట్టే కండక్టివిటీ మీటర్లు పెట్టి, రీడింగ్ ఎగబాకగానే నీటిని ఒలికిన ద్రవం పట్టే ట్యాంకుకు మళ్లించే గేటు ఉండాలి. ఆ ట్యాంకు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. తనిఖీకి వెళ్లినవారు ముందు చూడవలసింది ఇదే. అది నిండి ఉంటే మిగతా యంత్రాలు ఎంత కొత్తవైనా లాభం లేదు.

మూతపడిన మిల్లు మళ్లీ తెరిచినప్పుడు ఈ జీవులన్నీ కొత్తగా పెంచుకోవాలి. వేరే కేంద్రం నుంచి బురద తెచ్చి, లేదా పేడ కలిపి, కొద్దికొద్దిగా నీళ్లు పెంచుతూ పోతే నాలుగు వారాల దాకా పడుతుంది. ఆ లోగా ఉత్పత్తిని పూర్తి స్థాయికి తీసుకెళ్తే నష్టపోయేది దిగువ ఊళ్లు.

రంగు ఎందుకు మిగులుతుంది

పెద్ద మిల్లులకు నిర్దేశించిన హద్దులు లీటరుకు బీవోడీ 30, సీవోడీ 350, తేలే మట్టి, నార 50 మిల్లీగ్రాములు. మొదటి రెండింటి మధ్య ఉన్న పెద్ద తేడాయే రంగు కథ. 30 అంటే జీవులు మూడు రోజుల్లో తినేయగలిగింది దాదాపు అయిపోయిందని. 350 దాకా ఒప్పుకున్నారంటే మిగిలింది లిగ్నిన్ ముక్కలు, వాటిని బాక్టీరియా తేలిగ్గా తినలేదు. అందుకే హద్దుల్లో ఉన్న నీళ్లు కూడా పలచని డికాషన్‌లా కనిపిస్తాయి. చూడగానే విషమనుకోవడం సరికాదు. అలాగని పట్టించుకోనక్కర్లేదనీ కాదు. రంగు వెలుతురును ఆపుతుంది, వాగు అడుగున నాచు, మొక్కలు పెరగవు, చేపల మేత తగ్గుతుంది. పటిక, పాలీ అల్యూమినియం క్లోరైడ్ వేస్తే రంగు తగ్గుతుంది, బదులుగా ఆరబెట్టడానికి మొండికేసే జిగురు బురద, అదనపు ఉప్పు మిగులుతాయి. ఓజోన్ రంగును బాగా విరుస్తుంది, కరెంటు ఖర్చు ఎక్కువ.

తిప్పేకొద్దీ పెరిగే ఉప్పు

ఊహించుకోవడానికి ఒక లెక్క. టన్ను కాగితానికి 60 కిలోల ఉప్పులు నీళ్లలో కలుస్తాయనుకుందాం. 60 క్యూబిక్ మీటర్లు వాడితే లీటరుకు 1,000 మిల్లీగ్రాములు పెరుగుతుంది. 30కి తగ్గిస్తే 2,000. 10కి తగ్గిస్తే 6,000. ఉప్పు ఎక్కడికీ పోలేదు, నీళ్లే తగ్గాయి. తిప్పి వాడుతున్న మిల్లు కూడా నదిలోంచి తోడక తప్పకపోవడానికి కారణం ఇదే. డ్రయ్యర్ల దగ్గర, కూలింగ్ టవర్ల దగ్గర ఆవిరైపోయేది కొంత, ఉప్పును బయటికి మోసుకెళ్లడానికి కావలసింది కొంత.

పేరుకున్న ఉప్పు, కరిగిన సేంద్రియ పదార్థం గొట్టాల్లో గార కడతాయి, జిగురు పెంచుతాయి, నారను పట్టి ఉంచే పాలిమర్‌ను మింగేస్తాయి. పాత అట్టపెట్టెలతో క్రాఫ్ట్ కాగితం చేసే మిల్లులు నీటిని దాదాపు పూర్తిగా తిప్పగలవు, ఎందుకంటే ఆ కాగితానికి తెలుపు అవసరం లేదు. కానీ పెట్టెల్లోని గంజి పులిసి, కాగితానికే పుల్లటి వాసన పడుతుంది.

శుద్ధి చేసిన నీటిని చెక్క ముక్కలు కడగడానికి, బొగ్గు యార్డులో దుమ్ము అణచడానికి, బూడిద మోయడానికి, నేల కడగడానికి నిశ్చింతగా వాడొచ్చు. తెల్ల కాగితం షవర్లకు, బాయిలర్‌కు పనికిరాదు. ఆర్వో పెడితే నాలుగింట మూడొంతులు మంచి నీళ్లుగా వస్తాయి. మిగిలిన పావు వంతులో మొత్తం ఉప్పు, నాలుగు రెట్ల చిక్కదనంతో ఉంటుంది. దాన్ని మళ్లీ ఆవిరితో ఎండబెట్టాలి. చివరికి వచ్చే గోధుమ రంగు ఉప్పు ముద్దను ఎవరూ కొనరు. లిగ్నిన్, సిలికా మెంబ్రేన్లను మూసేస్తాయి. చుక్క కూడా బయటికి వదలబోమని బోర్డు పెట్టిన మిల్లును ఆ ఉప్పు ముద్ద ఎక్కడ దాస్తున్నారని తప్పక అడగాలి.

పొలానికి పెడితే

నదిలోకి వదిలే నీటికి బీవోడీ హద్దు 30 అయితే, సాగు భూమికి వదిలేదానికి సాధారణ ప్రమాణాల్లో 100. నేలలోని జీవులు మిగతాది తింటాయన్నది దాని వెనక లెక్క. అది నిజమే. కానీ నేల సోడియంను తినలేదు. కాగితం మిల్లు నీళ్లలో అసలు చూడాల్సింది సోడియానికీ, కాల్షియం, మెగ్నీషియంలకూ మధ్య నిష్పత్తి. దీన్ని ఎస్ఏఆర్ అంటారు, మామూలు భాగహారం కాదు, దీనికో ప్రత్యేక సూత్రం ఉంది. లీటరుకు సోడియం 460, కాల్షియం 80, మెగ్నీషియం 24 మిల్లీగ్రాములు ఉంటే ఆ నిష్పత్తి 11.5 వస్తుంది. 10 దాటితే బంకనేలకు జాగ్రత్త అవసరం. 2014లో అన్ని పెద్ద మిల్లుల కాలువలకూ తప్పనిసరి చేసిన ఆన్‌లైన్ మీటర్లు బీవోడీ, సీవోడీ చూపిస్తాయి కానీ ఈ నిష్పత్తిని చూపించవు. నమూనా తీసి విడిగా పరీక్ష చేయించాలి.

వరంగల్ వైపు ఎర్ర చెల్కల్లో నీళ్లు తేలిగ్గా దిగుతాయి. ఉప్పు వానలకు కొట్టుకుపోతుంది, బదులుగా కింద బావులు, బోర్ల నీళ్లు ఉప్పెక్కే భయం. ఆసిఫాబాద్, ఆదిలాబాద్ నల్లరేగడిలో అసలు చిక్కు వేరు. సోడియం బంకమట్టి రేణువులను విడదీస్తుంది, అవి సందులను మూసేస్తాయి, నీళ్లు పైనే నిలుస్తాయి. మోసం ఏమిటంటే, మిల్లు నీళ్లు పారుతున్నంతకాలం ఇది కనబడదు. నీటిలోని ఉప్పే రేణువులను గుంపుగా పట్టి ఉంచుతుంది. వేసవంతా చేను బాగానే ఉన్నట్టుంటుంది. మృగశిర దాటి మొదటి మంచి వాన పడగానే ఉప్పు పలచబడి, రేణువులు విడిపోయి, నేల బిరుసెక్కి మూసుకుపోతుంది. రైతు ఆ తప్పును వాన మీదికి నెడతాడు.

దీన్ని ముందే పసిగట్టవచ్చు. చేలోంచి శనగ గింజంత ఎండు మట్టిపెళ్ల తీసి, గాజు గ్లాసులో పట్టిన వాన నీళ్లలో మెల్లగా వదిలి, కదపకుండా రెండు గంటలు చూడాలి. మిల్లు నీళ్లలో, బోరు నీళ్లలో వేయకూడదు, వాటిలోని ఉప్పు జబ్బును దాచేస్తుంది. పెళ్ల విరిగి కుప్పగా కూలి, చుట్టూ నీళ్లు తేటగా ఉంటే ఇంకా ఫర్వాలేదు. పెళ్ల చుట్టూ పాల మబ్బు కమ్ముకుంటే సోడియం పట్టేసినట్టే. అప్పుడు మిల్లు నీళ్లు ఆపి, మట్టి పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేసి, తొలకరికి ముందే దున్ని, వాన నీళ్లు నిలిచి కిందికి ఇంకేలా మళ్లు కట్టుకోవాలి. జిప్సంలోని కాల్షియం సోడియం స్థానంలోకి చేరితే, విడిపోయిన సోడియాన్ని వాన నీళ్లు కిందికి మోసుకుపోతాయి.